రెండో అంతస్తు ఫ్లాటు

పటమటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారు, కొడుక్కి పెళ్లి కుదిరిందనీ, మా వాటా తమకే కావాలనీ వేసవి చివర్లో చెప్పారు. తొందరపెట్టలేదు, నిదానంగానే చూసుకోమన్నారు. కానీ ఆ నిమిషం నుంచి నాకు ఆ ఇంట్లో కాలు నిలవలేదు. గోడకు మేకు కొట్టాలన్నా, కుండీలో కొత్త మొక్క పెట్టాలన్నా చెయ్యి వెనక్కి పోయేది. మళ్లీ అద్దె ఇల్లు వద్దు, చిన్నదైనా సరే కొనుక్కుందాం అన్నాను మా వారితో.

కొనడమనగానే మా వారికి గుర్తొచ్చింది వాళ్ల మేనత్త భర్త. ఆయన రిటైరయ్యాక ఇళ్లూ స్థలాలూ ఇప్పించే పనిలోకి దిగారు. మా పెళ్లిలో పందిరి దగ్గర్నుంచి విడిది దాకా అన్నీ నెత్తిన వేసుకుని తిరిగిన మనిషి. మామయ్య ఉండగా బయటివాళ్లెందుకన్నారు మా వారు. నాకూ అదే సబబనిపించింది.

ఒక ఆదివారం ఆయన మమ్మల్ని కారెక్కించుకుని ఊరికి ఉత్తరాన ఒక వీధిలోకి తీసుకెళ్లారు. రెండో అంతస్తులో ఫ్లాటు. గాలీ వెలుతురూ బాగున్నాయి. వంటింట్లో నిలబడి ఫ్రిజ్ ఎక్కడ పెట్టుకోవాలో కూడా అనుకున్నాను. కిందికి దిగాక ప్రహరీ గోడ మీద చూపు పడింది. అడుగు నుంచి ఛాతీ ఎత్తు దాకా కొత్త రంగు, ఆపైన పాతది. బుడమేరు వాగు పొంగినప్పుడు మునిగింది ఈ వైపే కదా అని గుర్తొచ్చి, ఫ్లాటుకి నీళ్లొచ్చాయా మామయ్యగారూ అని అడిగాను.

"రాలేదమ్మాయ్," అన్నారు, కారు తలుపు తీస్తూ.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆయన ఫోను. ఇంకెవరో చూసి వెళ్లారట. మన పిల్లలు కదా అని మాకోసం ఆపి ఉంచారట. మా వారు ఊఁ అనెయ్యమంటారు. నాకు ఆ గోడే కళ్ల ముందు. బడిలో పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో ఎక్కడున్నానో మరిచిపోయి పుస్తకంలో వెతుక్కునేదాన్ని.

ఉండబట్టలేక ఒక శనివారం, బడి వదలగానే ఆటో ఎక్కి ఒక్కదాన్నే ఆ వీధికి వెళ్లాను. కింది వాటాలో ఒకావిడ మిషను కుడుతోంది. పైన ఫ్లాటు చూశామని చెప్పి నీళ్ల సంగతి అడిగాను. ఆవిడ కుట్టడం ఆపి నా వంక వింతగా చూసింది. ఆ వరదలో ఆవిడ పాత మిషనూ, మంచాలూ, ఎవరివో పెళ్లి జాకెట్లూ అన్నీ బురదపాలయ్యాయట. పైవాళ్లు కిందికి దిగే దారి లేక, తాగడానికి నీళ్లు లేక, డాబా మీద నిలబడి పడవల వైపు దుప్పట్లు ఊపారట. అంతా చెప్పి, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే ఇద్దరం మామయ్యగారింటికి వెళ్లాం. అత్తయ్యగారు కాఫీ ఇచ్చారు. విన్నదంతా చెప్పాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"ఫ్లాట్లోకి రాలేదుగా అమ్మాయ్. మీరు కొనేది రెండో అంతస్తు," అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. అబద్ధమైతే కోప్పడి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఆయన అంతకుముందు అన్న ప్రతి మాటనూ మళ్లీ విప్పి చూసుకోవాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక గుమ్మంలో చెప్పులు విడుస్తూ మా వారు, ఆయనకి నువ్వే చెప్పు వద్దని, అన్నారు. చెప్పాను.

తర్వాత మా బడిలో సైన్సు టీచరు తనకు ఇల్లు ఇప్పించినావిణ్ణి పరిచయం చేసింది. ఆవిడ స్కూటీ మీద ఊరంతా తిరిగి ఇళ్లు చూపిస్తుంది. నాకు సెలవుండేది ఆదివారమే. ఆ పొద్దున ఆవిడకి చర్చి, మధ్యాహ్నం వరకు రానని ముందే చెప్పేసింది. మొదటి ఇంటి దగ్గరే నీళ్ల ప్రశ్న వేశాను.

"నాకు తెలీదండీ. కనుక్కుని చెప్తాను," అంది.

చెప్పింది కూడా. నీళ్లు వీధి మొదటి దాకా వచ్చి ఆగాయనీ, గట్టి వాన పడితే మాత్రం డ్రైనేజీ వెనక్కి తంతుందనీ. ఆ ఇల్లు వదిలేశాం. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఒకసారి చెయ్యి కాలాక మజ్జిగ్గిన్నె పట్టుకోవాలన్నా భయమే. ఆవిడ ద్వారా ఇళ్లు కొన్నవాళ్ల దగ్గరికి, ఆవిడకి తెలియకుండా వెళ్లి ఆరా తీశాను. ఆ సంగతి ఆవిడ చెవిన పడింది.

"అడిగారటగా. మంచిపని చేశారండీ. అడక్కుండా కొన్నవాళ్లే తర్వాత నా మీదకొస్తారు," అంది. హెల్మెట్ పెట్టుకుంటూ, "నన్నే అడిగుంటే వాళ్ల నంబర్లు నేనే ఇచ్చేదాన్ని," అంది. ఆ రెండో మాటలో నొప్పి తెలుస్తూనే ఉంది. నేను ఏదో సర్దిచెప్పబోతే వినకుండా స్కూటీ తీసింది.

చివరికి పటమటలోనే ఒక పాత అపార్ట్‌మెంట్లో కొన్నాం. పడమటి ఎండ పడగ్గదిలోకి కొడుతుందనీ, లిఫ్టు మొరాయిస్తుంటుందనీ ఆవిడ ముందే చెప్పింది. కాగితాలు చూడ్డానికి తన లాయర్ని వద్దంది, మాకు తెలిసినాయన్నే పెట్టుకోమంది.

పాలు పొంగించిన రోజు మామయ్యగారూ అత్తయ్యగారూ వచ్చారు. వస్తారనుకోలేదు. ఆయన గదులన్నీ తిరిగి, కిటికీలు తీసి చూసి, బాగుందమ్మాయ్ అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నట్టుంది. మా వారు ఆయన పక్కనే కూర్చుని చాలా రోజుల తర్వాత నవ్వుతూ మాట్లాడారు. భోజనాల దగ్గర మాటల్లో తెలిసింది, ఆ రెండో అంతస్తు ఫ్లాటుని మైలవరం నుంచి వచ్చిన కొత్త దంపతులు తీసుకున్నారట. అమ్మాయికి నెలలు నిండుతున్నాయట.

వాళ్లు నీళ్ల గురించి అడిగారా అని నోటి దాకా వచ్చింది. అత్తయ్యగారు నా మొహంలోకే చూస్తున్నారు. నేను ఆయన విస్తట్లో ఇంకొంచెం పాయసం వడ్డించి, వంటింట్లోకి వెళ్లిపోయాను.