ముగ్గురం దిగినం

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది చదివి మీరు నమ్మాలనీ రాయడం లేదు. మాది కాకినాడ. నాన్న ఫిజిక్స్ మాస్టారు. ఇంట్లో ఏ వింత జరిగినా "ముందు ఫ్యూజు చూడండి" అనేవారు. నేనూ అలాగే పెరిగాను. దుబాయ్ పక్కన అజ్మాన్‌లో కాపురం పెట్టిన ఇన్నేళ్లలో నన్ను భయపెట్టింది అద్దె పెంచుతూ ఏడాదికోసారి ఇంటి ఓనరు పంపే మెసేజ్ ఒక్కటే.

అప్పట్లో ఉమ్ అల్ క్వైన్ వైపు ఒక చిన్న విమానాల క్లబ్బులో డెస్కు ఉద్యోగం చేసేదాన్ని. కోవిడ్‌లో మా ఆయన ఉద్యోగం పోయాక ఇంటిల్లిపాదీ నా వీసా మీదే ఉండేవాళ్లం. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత కావాలి.

మా దగ్గర ఉండేవి ఇద్దరో నలుగురో పట్టే బుల్లి విమానాలు. వాటిలో దేశం సరిహద్దు దాటాలంటే ముందుగా ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. ఎవరు, ఎంతమంది, ఎటు, ఎన్నింటికి అని అందులో ఉంటుంది. దిగగానే వాళ్లు ఫోన్ చేసి "దిగాం" అంటే నేను ఆ ప్లాన్ మూసేస్తాను. ఆ ఫోన్ రాకపోతే వెతకడం మొదలుపెడతారు. ప్లాన్ లేకుండా ఎగిరినవాడి కోసం మాత్రం ఎవరూ ఎదురుచూడరు. వాడు ఏ కొండల్లో పడినా అడిగే నాథుడు ఉండడు.

రాజన్న మా మెకానిక్కు. జగిత్యాల దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి, మితంగా మాట్లాడతాడు. ఒకరోజు మధ్యాహ్నం డెస్కు దగ్గరికి వచ్చి, చేతిలో గుడ్డ నలుపుతూ నిలబడ్డాడు. క్లబ్బులో సొంత విమానం ఉన్న ఒక విదేశీయుణ్ణి మేం కెప్టెన్ అనేవాళ్లం. ఆయన స్నేహితుడి విమానం ఒమాన్‌లో, కొండల అవతల ఒక మట్టి రన్‌వే మీద చెడిపోయి ఆగిందట. పర్మిషన్లంటే రెండు రోజులు పడుతుంది. రాడార్‌కి కనబడకుండా తక్కువ ఎత్తులో పోయి, బాగుచేసి, చీకటి పడకముందే వచ్చేద్దామని ఆయన రాజన్నను రమ్మన్నాడు.

"నా పాస్‌పోర్టు ఆఫీసుల ఉన్నది మేడమ్, వీసా రెన్యువల్‌కు. పోనంటే నౌకరీ ఖలాస్. ఎట్ల జెయ్యాలె?" అన్నాడు.

వెళ్లొద్దని గట్టిగా చెప్పాల్సింది. లేదా మా ముదీర్ గదిలోకి వెళ్లి మేనేజరుగా ఆయనే ఆపాలని అడగాల్సింది. నేను చెప్పింది ఇది: "దిగగానే డెస్కుకి ఫోన్ చెయ్యి రాజన్నా. నేను రాసుకుంటాను." అంటే తప్పును ఆపకపోగా దానికో దొంగ ప్లాన్ నేనే తయారుచేశాను. రిజిస్టరు చివరి పేజీలో పెన్సిల్‌తో 3:35, ఇద్దరు అని రాశాను. వాళ్లు ఎక్కడం కిటికీలోంచి చూశాను. వెనక సీట్లో టూల్ బ్యాగు తప్ప ఇంకేమీ లేదు.

నాలుగూ పదికి డెస్కు ఫోన్ మోగింది. అవతల ఒకటే గాలి హోరు.

"ముగ్గురం దిగినం బిడ్డా. రాసుకో."

అంతే, కట్ అయింది. రాజన్నే అనుకున్నాను. ఆ యాసలో ఆ డెస్కుకి ఫోన్ చేసేవాళ్లు ఇంకెవరున్నారు? స్నేహితుణ్ణి కూడా కలుపుకొని చెప్పి ఉంటాడని లెక్క నేనే సరిపెట్టుకున్నాను. 4:10, ముగ్గురు అని రాశాను. ప్రాణం కుదుటపడి వెళ్లి టీ తెచ్చుకున్నాను.

ఐదింటికి ఆ స్నేహితుడు ఫోన్ చేశాడు. నాలుగు నుంచి ఎండలో నిలబడి ఉన్నాననీ, అసలు వీళ్లు బయల్దేరారా అనీ అడిగాడు.

కెప్టెన్ ఫోన్ కలవలేదు. రాజన్నకు చేశాను. రింగు విమానాలు పెట్టే హ్యాంగర్‌లోంచి వినిపించింది. వెళ్లి చూస్తే అతని ఫోన్ పనిముట్ల బల్ల మీద ఛార్జింగ్‌లో ఉంది. తెర మీద నా పేరు వెలుగుతోంది.

తిరిగొచ్చి ఇరవై నిమిషాలు నేను కుర్చీలోంచి లేవలేదు. చెబితే నా ఉద్యోగం పోతుంది, దానితో పాటే మా ఆయన వీసా, పిల్లల వీసాలు. దిగామనే కదా అన్నారు, ఎవరిదో ఫోన్ అడిగి చేసి ఉంటాడులే అని నన్ను నేను బుజ్జగించుకున్నాను. బయట ఆగస్టు ఎండ. ఆ ఇరవై నిమిషాల గురించి నాకు ఇప్పటికీ సిగ్గే.

చివరికి రిజిస్టరు పట్టుకెళ్లి ముదీర్ ముందు పెట్టాను. ఆయన అరవలేదు. ఎంతమంది అని మాత్రం అడిగాడు. ముగ్గురు అని చూపించాను. ఆయన అప్పటికప్పుడే ఫోన్లు చేశాడు, రెండు దేశాల వాళ్లూ మాట్లాడుకున్నారు.

పొద్దుగూకే ముందు హెలికాప్టర్‌కి కనబడ్డారు. సరిహద్దు దాటిన కాసేపటికే ఇంజన్ ఆగిపోతే, కెప్టెన్ విమానాన్ని ఎండిపోయిన వాగులో రాళ్ల మీద దించాడు. ఆయన తుంటి విరిగింది, రాజన్న భుజం జారింది. నీళ్లు అప్పటికే అయిపోయాయి. మర్నాటి మధ్యాహ్నం దాకా బతికేవాళ్లు కాదని డాక్టర్లు అన్నారట.

కానీ దొరికింది ఇద్దరే. ఇద్దరమేనని కెప్టెన్ చెప్పినా, నేను రాసిన అంకె పట్టుకొని మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ లోయంతా గాలించారు. ఎవరూ లేరు. ముదీర్ నన్ను మూడుసార్లు అడిగాడు, మూడోవాడు ఎవరని. కెప్టెన్ చెప్పినదాని ప్రకారం వాళ్లు నేల తాకింది ఇంచుమించు నాలుగూ పదికి. ఆ వాగులో సిగ్నల్ లేదు. విచారణలో తేలిందేమిటంటే ఆ సమయంలో మా లైనుకి కాలే రాలేదు. పక్క టేబుల్ ఫిలిపీనో అమ్మాయి మాత్రం ఫోన్ మోగడం తానూ విన్నానంది.

ఉద్యోగం పోయింది. వీసా గడువు తీరేలోపు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో ఇంకోటి దొరకడం మా అదృష్టం. రాజన్నను ఒమాన్ ఆసుపత్రి నుంచే ఇండియా పంపేశారు.

కొన్ని నెలలకు ఊరి నుంచి ఫోన్ చేశాడు. "మేడమ్, మంచిగున్నరా" అన్న మొదటి మాటకే తెలిసిపోయింది. ఆ రోజు విన్న గొంతు ఇది కాదు. అది ఇంకా పెద్దవాడి గొంతు. రాజన్న నన్ను ఎప్పుడూ మేడమ్ అనే అన్నాడు, బిడ్డా అని ఒక్కసారీ అనలేదు. అప్పుడు నాకు ఇది ఎందుకు తట్టలేదో తెలియదు.

విన్నది విన్నట్టు అతనికి చెప్పాను.

"మీరు ఇద్దరే కదా రాజన్నా?" అని అడిగాను.

"ఎక్కెటప్పుడు ఇద్దరమే మేడమ్."

అంతటితో మాట మార్చాడు. పిల్లలు ఏం చదువుతున్నారని అడిగి పెట్టేశాడు.

విచారణ అప్పుడు ముగ్గురు అన్నది కొట్టేసి ఇద్దరు అని దిద్దమన్నారు. పెన్సిలే కాబట్టి రబ్బరుతో పోయేది. నేను దిద్దలేదు. ఆ రోజు ఎవరి మాట మీద రాశానో నాకు ఈనాటికీ తెలియదు. నాన్న చెప్పినట్టే ముందు ఫ్యూజు చూశాను. ఫ్యూజు బాగానే ఉంది.