కవరులో ఉన్న తుపాకి

తెలంగాణ వచ్చిన రెండో ఏడు ఎండాకాలంలో నన్ను మున్సిపాలిటీ పార్కు గేటు డ్యూటీకి వేశారు. నల్లగొండ జిల్లాలోని ఒక పట్టణం. పేరు రాయను, అప్పటివాళ్లు ఇంకా కొలువుల్లో ఉన్నారు. హోదాకు నేను మాలీని, అంటే చెట్లకు నీళ్లు పెట్టి పాదులు తీసేవాడిని. మాలీల్లో చదవడం, రాయడం వచ్చినవాడిని నేనొక్కడినే కాబట్టి గేటు నాకిచ్చారు. ఆ చదువు కూడా నలభై దాటాక వయోజన విద్యా కేంద్రంలో నేర్చుకున్నది. మా నాయిన వేలిముద్రతోనే బతికి పోయాడు.

గేటు మీద ఏది జరిగినా రిపోర్టు రాయాలి. అది శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, అక్కడి నుంచి మేనేజర్‌కు, ఆపైన కమిషనర్‌కు పోతుంది. పైవాళ్లెవరూ పార్కుకు రారు. కాగితంలో ఏముంటే వాళ్లకు అదే పార్కు.

నేను గేటుకు రాకముందు ఒక లీడర్ తమ్ముడు పార్కులో పుట్టినరోజు చేసుకుని, కేకు కోసి గాలిలోకి తుపాకి పేల్చాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. గేటుకు మాత్రం బోర్డు వచ్చింది: ఆయుధాలతో లోపలికి రారాదు, లైసెన్సు ఉన్నా సరే.

ఆ బోర్డుకు చిక్కినవాడు సైదులు. మోత్కూర్ దిక్కు నేత కుటుంబం. మగ్గం వదిలి, సొంత పేరున లైసెన్సు తీసుకుని, పన్నెండు బోరు తుపాకి కొని, పార్కు పక్కనే ఉన్న బ్యాంకులో గన్‌మన్‌గా చేరాడు. సొంత తుపాకి ఉన్నవాడికే ఆ కొలువు దొరుకుతుంది. బ్యాంకులో తినే జాగా లేక మధ్యాహ్నం పార్కులో వేపచెట్టు కింద సద్ది విప్పేవాడు. తుపాకి ఎప్పుడూ కాన్వాసు కవరులోనే ఉండేది. తూటాలు వేరే సంచిలో నడుముకు ఉండేవి.

బోర్డు చూపించి ఆపాను. "తుపాకి నా రూముల పెట్టి పో సైదులూ" అన్నాను.

"నీ రూముల పెడ్తే నా లైసెన్సు గూడ గాడనే పోతది లింగన్నా. గిది నా చేతికెల్లి ఇంకొకల చేతికి పోవద్దు" అన్నాడు.

అది నిజమే. లైసెన్సుదారు తన ఆయుధాన్ని పరాయి మనిషికి అప్పగించకూడదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. మూడు రోజులు వాదులాట నడిచింది. నాలుగో రోజు, చుట్టూ జనం ఉండగా, అతను గొంతు పెంచాడు.

"మొన్న లీడర్ ఎంబడి నలుగురు గన్‌మన్లు పోయిండ్రు గద. గప్పుడు బోర్డు సదువరాలేదా? మా అసుంటోళ్లకు రాసినయే నీకు కనవడ్తయా?"

బెంచీ మీద కూర్చున్న ఒకాయన అందుకున్నాడు. "లింగన్న కూడబలుక్కుని సదివేసరికి కారు దాటిపోయుంటది తియ్!"

అందరూ నవ్వారు. సైదులూ నవ్వాడు.

నన్ను ఏమన్నా పడేవాడిని. చదువు రాదంటే పడలేకపోయాను. ఆ మధ్యాహ్నమే గంటసేపు కూర్చుని రిపోర్టు రాశాను. "సైదులు తుపాకితో వచ్చినాడు. ఆపినాను. వినలేదు. జనం భయపడినారు." ఇంతే. తుపాకి కవరులో ఉందని రాయలేదు. జనం నవ్వారు తప్ప ఎవరూ భయపడలేదు.

కమిషనర్ ఆ కాగితాన్ని పోలీసులకు పంపారు. విచారణ అయ్యేదాకా తుపాకి స్టేషన్‌లో జమ చేయమన్నారు. ఎలక్షన్లప్పుడు లైసెన్సు తుపాకులన్నీ అలాగే జమచేసి రసీదు తీసుకుంటారు, ఎలక్షన్ అయిపోగానే తిరిగిస్తారు. ఈసారి తిరిగిచ్చే రోజంటూ లేదు. తుపాకి లేని గన్‌మన్ బ్యాంకుకు ఎందుకు? వారంలో ఇంకొకరు వచ్చారు.

సైదులు ఊరుకోలేదు. సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టాడు, వకీలును పట్టుకున్నాడు. లైసెన్సుకు షరతులు పెట్టేది లైసెన్సు ఇచ్చిన అధికారే గాని మున్సిపాలిటీ కాదన్నది అతని వాదం. పైగా కౌన్సిల్ తీర్మానం లేకుండా బోర్డు పెట్టారన్నాడు. ఆర్డీవో ఆఫీసులో విచారణ జరిగింది. నన్ను సాక్షిగా పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

తుపాకి కవరులో ఉందా, బయట ఉందా అని అధికారి అడిగారు.

"రిపోర్టుల ఉన్నదే నిజం సార్" అన్నాను.

సైదులు నా వైపు తిరిగాడు. కోపం లేదు. "కాగితం సంగతి సారు చూసుకుంటడు లింగన్నా. నీ కండ్లతోని చూసింది చెప్పు."

నేను చెప్పలేదు. రాసింది తప్పంటే నాకు రాయడం రాదని ఒప్పుకున్నట్టు అవుతుందని అనిపించింది. అక్షరాలు దిద్దినప్పటి నుంచి, మాట కంటే రాత గట్టిదని నమ్మినవాడిని. నా కళ్ల కంటే నా చేతిరాతనే ఎక్కువ నమ్మాను.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. తీర్మానం లేని నిబంధన చెల్లదన్నారు. బోర్డును నేనే విప్పాను. కానీ ఈలోగా గడువు తీరిన లైసెన్సుకు రెన్యువల్ మాత్రం ఇవ్వలేదు. జనం భయపడేలా ఆయుధం బయటపెట్టాడని నా రిపోర్టును బట్టి తేల్చారు. సైదులు రూల్ మీద గెలిచి తుపాకి పోగొట్టుకున్నాడు. దాన్ని అనుమతి ఉన్న డీలర్‌కు అమ్ముకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత నేను ఆఫీసుకు పోయి, తుపాకి కవరులోనే ఉండిందని చెప్పాను. సెక్షన్ క్లర్కు తల ఎత్తలేదు. "ఫైలు మూసినం పెద్దాయనా. గా దినం కుర్సీ ఏసి అడిగిండ్రు గద" అన్నాడు.

సైదులు హుజూర్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర లాఠీ, విజిల్‌తో ఉన్నాడని తెలిసి పోయాను. తప్పు చేశానన్నాను. కార్లకు దారి చూపిస్తూనే విన్నాడు. "నాకు చెప్తె ఏమొస్తదన్నా? గాడ చెప్పాల్సిండె" అని, విజిల్ ఊదుకుంటూ వెనక్కి వస్తున్న బండి దగ్గరికి పోయాడు.

ఇంకో ఆరేళ్లు గేటు మీద చేసి రిటైరయ్యాను. ఆ ఆరేళ్లలో కోపం మీద ఉన్న పూట రిపోర్టు రాయలేదు, మరునాడు రాశాను. కొత్తవాళ్లకు చెప్పేది ఇదే: చూసింది అంతా రాయండి, చూడనిది రాయకండి. రాసింది తప్పయితే, అడిగిన రోజు, అడిగిన కుర్చీలోనే తప్పని చెప్పండి. మరునాటికి ఆ కుర్చీ మీకు వేయరు.