వంతెన అవతలి నీలం

మేవిస్ ఔట్రమ్ వంతెన దాటక ఎనిమిదేళ్లయింది. వంతెనంటే మరీ పెద్దదేం కాదు. ఇటు నిలబడి కేకేస్తే అటువాళ్లకి వినపడుతుంది. అటుపక్క గట్టు మీద ఆమె అన్న హెడ్లీ ఉంటాడు. తోబుట్టువులు వాళ్లిద్దరే. క్వారీలో హెడ్లీ రాయి పేల్చేవాడు, అదే క్వారీ క్యాంటీన్‌లో మేవిస్ టీ కాచేది. మొండితనం మాత్రం ఇద్దరికీ సమానంగా పంచిపోయింది వాళ్లమ్మ.

గొడవ దేనికొచ్చిందో థార్న్‌వెల్ ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ ఊసెత్తరు. యూరప్‌తో కలిసుండాలా వద్దా అని దేశమంతా ఓటేసిన వారం అది. వద్దన్నవాళ్లు గెలిచారు. ఆ ఆదివారం మేవిస్ ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. కొడుకు నీల్, కోడలు బొజేనా, హెడ్లీ. బొజేనాది పోలండ్. అప్పటికే చాలా ఏళ్లుగా చెస్టర్‌ఫీల్డ్‌లోని వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తోంది. ఈ ఊరి ముసలివాళ్లు ఎందరికో ఆఖరి స్నానాలు చేయించింది ఆ అమ్మాయే. మాంసం కోస్తూ కోస్తూ హెడ్లీ ఆమె వైపు తిరిగి, బస్సు టైము అడిగినంత మామూలుగా, "అయితే ఇంటికెప్పుడు వెళ్తున్నావు?" అన్నాడు.

బొజేనా ఫోర్కు పక్కన పెట్టేసింది. ఆ మధ్యాహ్నం కారెక్కిన మనిషి మళ్లీ ఊళ్లో అడుగు పెట్టలేదు. క్రిస్మస్‌కి నీల్ ఒక్కడే వచ్చేవాడు. కోటు కూడా విప్పకుండా కూర్చుని వెళ్లిపోయేవాడు. ఇక అన్న గుమ్మం తొక్కనంది మేవిస్. తొక్కలేదు.

ఏటా ఆగస్టులో ఆ ఊళ్లో ఊటబావికి అలంకారం చేస్తారు. పెద్ద చెక్కపలకని నదిలో నానేసి, దాని మీద తొక్కిన బంకమట్టి పరిచి, అందులో పూరేకులు ఒక్కొక్కటే అదిమి బొమ్మ కడతారు. వారం రోజులు బావి దగ్గర నిలబెడతారు. తర్వాత వాడిపోతుంది, మట్టి గీకి నదిలో కలిపేస్తారు. ఎప్పుడూ బైబిల్ బొమ్మలే కట్టేవాళ్లు. ఈసారి కమిటీవాళ్లు బ్రాడ్‌ఫర్డ్ నుంచి రుఖ్సానా మీర్ అనే చిత్రకారిణిని పిలిచారు. ఆమె వచ్చి, బొమ్మ నేను గియ్యను, మీరెవరో మీరే తేల్చుకోండి, అందరూ కలిసి కట్టండి అంది. అంతే, ప్రార్థన మందిరం హాలు సంతలా తయారైంది. ఎరుపు, తెలుపు, నీలం రంగుల దేశం జెండా కడదామన్నారు కొందరు. జెండాని తాగుబోతు మూకలు ఎత్తుకుపోయి చాలాకాలమైంది, సిగ్గుగా ఉంటుందన్నారు ఇంకొందరు. టీ కెటిల్ కడితే పోలా అన్నాడొకడు. కొట్టుకుని కొట్టుకుని చివరికి జెండాకే వచ్చారు. కానీ ముక్కలుగా పంచాలి, ఈ ఊరికి చేతిసాయం చేసిన ప్రతి మనిషికీ ఒక ముక్క రావాలి.

ఎవరెవరు అని రుఖ్సానా అడిగితే ముగ్గురు ముసలివాళ్లు బొజేనా పేరు చెప్పారు. రుఖ్సానాయే ఫోన్ చేసింది. వస్తానంది బొజేనా. చీటీల్లో ఆమెకి నీలం ముక్క పడింది.

చిక్కంతా ఆ నీలంతోనే. రంగు వేసినవీ కొన్నవీ ఆ పలక మీద పెట్టకూడదు, మొలిచిందే పెట్టాలి. నీలమంటే హైడ్రాంజియా పువ్వే గతి. ఊరున్నది సున్నపురాయి నేల, ఇక్కడ ఆ పువ్వు గులాబీగానే పూస్తుంది. నీలంగా పూసేది వంతెన అవతల ఇసుకరాయి గట్టు మీదే. అక్కడున్న పొద ఒక్కటే, హెడ్లీ వాకిట్లో. వాళ్లమ్మ పొద నుంచి కొమ్మ విరిచి నాటుకున్నది. తల్లి పొద ఇప్పటికీ మేవిస్ ఇంటి ముందు గులాబీగా పూస్తోంది.

బొజేనా ముక్కకి హెడ్లీని పూలడగడానికి ఎవరూ సాహసించలేదు. పోనీ ఆ చోటు ఖాళీ మట్టిగా వదిలేద్దాం, అదీ ఒక మాటే చెబుతుంది కదా అంది రుఖ్సానా. కొందరికి నచ్చింది కూడా. మేవిస్‌కి నచ్చలేదు. ఎనిమిదేళ్ల తర్వాత కోడలు ఊళ్లోకొస్తుంటే, ఆమె వంతుకి ఒట్టి బురదా? రాత్రంతా అదే మెదిలింది. పొద్దున్నే లేచి కోటు తొడుక్కుని వంతెన దాటింది.

హెడ్లీ గేటు దగ్గరే ఉన్నాడు. ముసలాడైపోయాడు. ఆమె నడక చూసి అతనూ అదే అనుకుని ఉంటాడు.

"నీలం పూలు కావాలి," అంది.

"ఇన్నాళ్లకి కాళ్లొచ్చాయన్నమాట."

"నాకోసం కాదు. వాటిని పెట్టేది బొజేనా."

హెడ్లీ పొద వైపు తిరిగాడు. "నావని చెప్పకు మరి. తెలిస్తే ముట్టుకోదు."

"చెప్తాను. ముట్టుకోకపోతే ఆమె ఇష్టం."

ఫోన్ చేసి చెప్పింది కూడా. బొజేనా విని, సరే అని మాత్రం అంది.

మర్నాడు హెడ్లీ పొద మీద ఒక్క పువ్వు మిగల్చకుండా కోసి, మొదటి బకెట్టు పొద్దున్నే హాలు గుమ్మంలో పెట్టి పోయాడు. ఊళ్లోకొచ్చిన బొజేనా పలక ముందు కూర్చుని రేకులు అదమడం మొదలెట్టింది. పై నుంచి కిందికి.

అందరూ చూశారు. కింది నుంచి పైకి రావాలి, ఇంటి కప్పు మీద పెంకు వేసినట్టు. అలా అయితేనే వాన జారిపోతుంది. లేకపోతే నీళ్లు రేకుల వెనక దూరతాయి. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు. ఇన్నాళ్లకొచ్చిన మనిషిని ఎలా తప్పు పడతామని మొహమాటం. ఎంత ముచ్చటగా ఉందో అంటూ టీ తెచ్చిచ్చారు, బిస్కట్లు తెచ్చిచ్చారు. చుట్టానికి చేసే మర్యాదలన్నీ చేశారు. మేవిస్ కూడా బిస్కట్ల పళ్లెం జరిపి ఊరుకుంది.

మధ్యాహ్నం రెండో బకెట్టుతో హెడ్లీ లోపలికొచ్చాడు. పలక ముందు నిలబడి చూశాడు.

"తప్పు," అన్నాడు. "మొత్తం తీసెయ్యాలి."

బొజేనా మెల్లగా తల తిప్పింది. "తీసెయ్యాలా? నేనా, పూలా?"

"పూలు. తలకిందులుగా పెట్టావు. వాన పడితే ఊడిపోతాయి. వీళ్లెవరూ చెప్పలేదా?"

బొజేనా హాలంతా ఒకసారి చూసింది. అందరూ కప్పుల్లోకి తలలు వంచుకున్నారు.

"ఆ రోజు నన్ను ఇంటికెప్పుడని అడిగావు," అంది హెడ్లీతో.

"అడిగాను. తాగి కూడా లేను."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. పోస్ట్‌మన్ దగ్గర్నుంచి వీధికుక్క దాకా అందర్నీ "డక్" అని ముద్దుగా పిలవడం ఆ ఊళ్లో అలవాటు. పెళ్లై వచ్చిన నాటి నుంచీ హెడ్లీ బొజేనా ఒక్కదాన్నే పేరుతో పిలిచేవాడు. "కింది నుంచి, డక్," అన్నాడిప్పుడు. ఒక రేకు తీసి అడుగున అదిమి చూపించాడు.

బొజేనా పెట్టిన రేకులు పీకింది. కానీ పై మూల పెట్టిన నాలుగు వరసలు ముట్టుకోనివ్వలేదు. అవి నావి, అలాగే ఉంటాయంది. హెడ్లీ వాదించలేదు.

పలక నిలబెట్టిన మూడో రోజు వాన దంచికొట్టింది. ఎరుపు నిలిచింది, తెలుపు నిలిచింది, నీలం నిలిచింది. పై మూల మాత్రం రేకులు జారి, బోడిమట్టి బయటపడింది. మేవిస్ గొడుగేసుకుని బావి దగ్గరికొచ్చేసరికి హెడ్లీ అప్పటికే అక్కడున్నాడు. చేతిలో చిన్న గిన్నె, అందులో గుప్పెడు నీలం రేకులు. పొద అడుగున ఎక్కడో దాక్కున్న పువ్వు తాలూకువి.

"పెట్టేయకపోయావా," అంది మేవిస్.

"ఆ మూల నాది కాదు. పిలువు దాన్ని."

పిలిచింది. వస్తానని గానీ రానని గానీ అనకుండా బొజేనా ఫోన్ పెట్టేసింది. వెళ్లి వాన పడని చోట కాస్త ఆరమని మేవిస్ అంటే హెడ్లీ కదల్లేదు. గిన్నె మీద టోపీ బోర్లించి వాన్లో నిలబడ్డాడు. ఆమె గొడుగు అతని మీదికి కూడా జరిపింది. చెస్టర్‌ఫీల్డ్ బస్సు ఒకటి ఆగి ఎవర్నీ దింపకుండానే పోయింది. రెండో బస్సులోంచి బొజేనా దిగింది, పని బట్టల్లోనే.

నేరుగా పలక దగ్గరికొచ్చి మూలనున్న మట్టిని వేలితో నొక్కి చూసింది. ఇంకా మెత్తగానే ఉంది. చెయ్యి చాపింది. హెడ్లీ టోపీ తీసి గిన్నె అందించాడు. మేవిస్ గొడుగుని ఇంకాస్త ఎత్తి పట్టింది. బొజేనా మొదటి రేకు తీసుకుని, అడుగు వరసలో అదిమింది.