మాయాబందర్ నీళ్లు, మూడో సెల్

2023లో నేను పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక చిన్న సర్వే సంస్థలో డేటా అనలిస్టుని. పుట్టి పెరిగింది ఆ ఊళ్లోని డిగ్నాబాద్‌లోనే, తాతగారిది శ్రీకాకుళం తీరం. ఆటుపోట్ల లెక్కల్లో ఆఫీసులో నా తర్వాతే ఎవరైనా అని కాస్త పొగరుండేది. ఆ పొగరు ఇప్పటికీ కొంత ఉంది, దాచుకోను.

ఆ ఏడాది, అండమాన్‌లోనే మాకు బాగా ఉత్తరాన ఉన్న మాయాబందర్ జాలర్లు మాకొక పని అప్పగించారు. వాళ్ల రేవు ముందు పగడపు దిబ్బల మధ్య సన్నటి సందు ఉంది. పడవలన్నీ అందులోంచే సముద్రంలోకి వెళ్లాలి. నీరు తక్కువగా ఉన్నప్పుడు దూరితే పడవ అడుగు చీలిపోతుంది. ఏ గంటకు అక్కడ ఎంత నీరుంటుందో నెల రోజులకు పట్టిక వేసి ఇమ్మన్నారు.

నేను పనిచేసేది నోట్‌బుక్‌లో. కోడ్, దాని ఫలితం, బొమ్మలు ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోయే ఫైల్ అది. ఒక్కో ముక్కను సెల్ అంటాం. నాది రెండు వందల సెల్స్ దాటింది. అన్నిటికీ ఆధారం మూడో సెల్: ఏ రేవు, దానికి ఆఫ్‌సెట్ ఎంత, అంటే నీటి లోతుకు చేయాల్సిన సవరణ ఎంత అన్నది అందులోనే ఉంటుంది. సునామీ నాటి భూకంపానికి మా వైపు నేల కుంగింది, మాయాబందర్ వైపు పైకి లేచింది. అందుకని ఇక్కడి సవరణ అక్కడ పనికిరాదు.

పట్టిక కోసం అప్పలరాజు బాబాయ్ వచ్చారు. అరవై దాటిన మనిషి, ఆ రేవులో పడవలవాళ్లందరికీ పెద్ద. తెరమీద గ్రాఫ్ చూపిస్తుంటే ఒకచోట వేలు పెట్టి ఆపారు.

"ఇది ఏ ఏళది బేటీ?"

"అమావాస్య మర్నాడు తెల్లారి ఐదింటిది బాబాయ్. నడుంలోతు నీరుంటుంది."

"ఆ ఏళకి మోకాలు తడిస్తే గొప్ప. ఇది మా నీరు కాదు."

నాకు రోషం వచ్చింది. పైదాకా స్క్రోల్ చేసి మూడో సెల్ చూపించాను. మాయాబందర్ అనే ఉంది. "చూడండి, మీదే," అన్నాను గెలిచినట్టు.

ఆయన గొంతు పెంచలేదు. "కంప్యూటర్ సంగతి నాకు మాలూమ్ నేదు. మా తమ్ముడి కొడుకులిద్దరూ ఆ సందులోంచే ఎల్తారు. నువ్వు ఎల్లమంటే ఎల్తారు. పక్కానా?"

అప్పుడు సెల్ కింద ఉన్న అవుట్‌పుట్ చూశాను. పోర్ట్ బ్లెయిర్. పేరు మార్చాను గానీ ఆ సెల్‌ను మళ్లీ రన్ చేయలేదు; రన్ చేస్తేనే మార్పు మెషీన్‌కు ఎక్కేది. రాసింది మాయాబందర్, మెషీన్ పట్టుకుని కూర్చున్నది మాత్రం అంతకుముందు మా రేవుకు లెక్క వేసినప్పటి పాత పేరునే. రోజుల తరబడి కింది సెల్స్‌లో మునిగిపోయి నేను ఆ లైను చూసుకోలేదు.

"తప్పు నాదే బాబాయ్. ఈ పట్టిక ఇవ్వను, రేపు రండి," అన్నాను.

అన్నీ మొదటినుంచి మళ్లీ రన్ చేశాను. మూడో సెల్ అవుట్‌పుట్‌ను వేరే వ్యూగా, అంటే విడి కిటికీలా తెరిచి తెర కుడిపక్కన నిలబెట్టాను. ఇక నూటయాభయ్యో సెల్‌లో ఉన్నా సరే, రేవు పేరు, సవరణ కళ్లెదుటే ఉంటాయి. ఐదింటికి మోకాలి లోతే వచ్చింది. మర్నాడు ఆ గ్రాఫ్ చూసి ఆయన, "హా, ఇది మాదే," అన్నారు.

నాకు అంతటితో తృప్తి కలగలేదు. ఆ నెలలోనే బస్సెక్కి రంగత్ మీదుగా మాయాబందర్ వెళ్లి, ఒక పొద్దున ఆయన పడవలో కూర్చున్నాను. సందు మధ్యలో ఆయన తెడ్డు నిలువునా దించి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో చూశారు.

"నువ్వు రాసినంతే ఉంది," అని వెనక్కి తిరిగి చెయ్యెత్తారు. ఆగి ఉన్న పడవలన్నీ ఒకదాని వెంట ఒకటి దాటాయి. నన్ను చూసి నాకే గర్వమేసింది.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు ముందుగా ఒకటే చెబుతాను. సెల్‌లో మీరు రాసింది వేరు, మెషీన్ తీసుకున్నది వేరు. అది తీసుకున్నదేమిటో మీ కళ్లెదుట లేనప్పుడు, ఆ లెక్క నమ్మి ఎవర్నీ సముద్రంలోకి పంపకండి.