నాకని ఉంచిన మంచం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, చెల్లెళ్ళారా! చీకటి రోజుల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ చీకట్లోనే ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. దేవునికే మహిమ!

నా పేరు రత్నకుమారి. మాది చీరాల. కంప్యూటర్ నేర్చుకున్న ప్రతి ఇంట్లోంచీ ఎవరో ఒకరు విమానం ఎక్కుతున్న రోజుల్లో మా ఆయన సుధాకర్ గారికి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది, ఆయన వెనకే నేనూ మా పాప కీర్తనా వచ్చాం, కొన్నాళ్ళకు నాకూ పాయా లేబర్‌లోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని దొరికింది. బెడోక్‌లో ఒక పాత బ్లాకులో ఆరో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఆదివారాలు చోవా చూ కాంగ్‌లో ఒక సహోదరుని ఇంట్లో జరిగే తెలుగు ఆరాధనకు వెళ్ళేవాళ్ళం. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు ట్రైన్‌లో పాటలు పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. నాకు ఇంకేం కావాలి అనుకునేదాన్ని!

అలాంటి రోజుల్లో నా కుడి గజ్జలో సన్నటి పోటు మొదలైంది. అలసట అనుకున్నాను. నెలలు గడిచేసరికి స్టేషన్ నుంచి ఆఫీసుకు నాలుగుచోట్ల ఆగకుండా నడవలేకపోయాను. డాక్టరు గారు స్కానింగ్ చూసి, తుంటి కీలులో ఎముక తలకు రక్తం అందడం లేదనీ, అది లోలోపల చచ్చిపోతోందనీ, ఏళ్ళ తరబడి ఉబ్బసానికి మింగిన మందులే కారణం కావచ్చనీ, కీలు మార్చడం తప్ప దారి లేదనీ చెప్పారు. ముప్పై నాలుగేళ్ళ మనిషికి ఇనుప కీలా అని ఆ రోజంతా ఏడ్చాను. తర్వాత ప్రార్థించి ఒప్పుకున్నాను. తేదీ ఇచ్చారు. కొత్త నైటీలు కుట్టించుకున్నాను, బ్యాగు సర్దుకున్నాను, ఇక కొద్ది వారాలే అనుకున్నాను.

అంతలో సార్స్ వచ్చింది సహోదరులారా! ఊపిరితిత్తులను పట్టే ఆ జ్వరం పేరు అప్పటిదాకా ఎవరూ వినలేదు, వారం తిరిగేసరికి ఊరంతా మాస్కులే. ఒక ఉదయం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"సారీ మేడమ్, అర్జెంట్ కాని ఆపరేషన్లన్నీ ఆపేశారు. మీది కూడా."

"మళ్ళీ ఎప్పుడండీ?"

"తెలీదు మేడమ్. మేమే ఫోన్ చేస్తాం."

అర్జెంట్ కాదట! ఫోన్ పెట్టేసి సర్దిన బ్యాగు వైపు చూస్తూ కూర్చుండిపోయాను. మాట్లాడిన అమ్మాయి తప్పేమీ లేదు, నా నొప్పికి ప్రాణం పోదు, అది నిజమే, కానీ ప్రాణం పోకుండా ఉండే నొప్పి ఎంతసేపు ఉంటుందో ఆ మంచం మీద పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

మా పాత బ్లాకులో లిఫ్ట్ అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు, ఐదో అంతస్తులో దిగి ఒక వరస మెట్లెక్కాలి. ఆ ఒక్క వరసే నాకు కొండ అయిపోయింది. ఉద్యోగం మానేశాను, ఆరాధన మానేశాను, మందుల మత్తులో కారిడార్ వైపు కిటికీ పక్కన మంచం మీద పడి ఉండేదాన్ని. ఆ రోజులు ఇప్పటికీ నాకు నీళ్ళలోంచి చూసినట్టే గుర్తొస్తాయి. చాంగి వైపు దిగే విమానాలు తగ్గిపోయి ఆకాశం నిశ్శబ్దమైపోయింది, ఎదురు బ్లాకు వెదురు గెడల మీద ఆరేసిన బట్టలు మెల్లగా ఊగేవి, ఎండ గోడ మీద పాకి పాకి పోయేది, మధ్యాహ్నమో సాయంత్రమో తెలిసేది కాదు. బడులు మూసేయడంతో కీర్తన ఇంట్లోనే నోట్లో థర్మామీటర్ పెట్టుకుని తిరిగేది. నా కళ్ళలో నీళ్ళు చూస్తే "డోంట్ క్రై లా, అమ్మా. ఆపరేషన్ లేట్ ఓన్లీ, కాన్సిల్ కాదు" అని ఇక్కడి బడిపిల్లల యాసలో ఓదార్చేది.

నేను మాత్రం దేవునితో పోట్లాడాను. "ప్రభువా, లోకమంతటి జ్వరమూ నీకు కనబడుతోంది, నా కాలు ఒక్కటే కనబడదా? నన్ను మర్చిపోయావా తండ్రీ?" అదే ప్రార్థన, అవే మాటలు, పొద్దున్నా సాయంత్రమూ.

మా పక్క ఫ్లాటులో దమయంతి అక్క ఒక్కతే ఉండేది. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోట పనికి ఓడెక్కి వచ్చారట, మూడు తరాలు ఇక్కడే, అందుకే ఆవిడ తెలుగులో తమిళమూ మలయ్ మాటలూ కలిసిపోయి ముద్దుగా ఉండేది. ఆవిడ నర్సు, అందులోనూ ఎముకల వార్డులో, అందులోనూ నాకు ఆపరేషన్ జరగాల్సిన ఆసుపత్రిలోనే! తేదీ ఇచ్చిన రోజే, వార్డులో కిటికీ పక్క మంచం నీకేనని మాటిచ్చింది. ఇదివరకు డ్యూటీ నుంచి వస్తూ నా కిటికీ చువ్వలు పట్టుకుని "ఏమ్మా, మకాన్ అయిందా?" అని, అంటే భోజనం అయిందా అని, అడగకుండా లోపలికి వెళ్ళేది కాదు. ఇప్పుడు మాత్రం మాస్కుతో వచ్చి దూరంగా, కారిడార్ పిట్టగోడకు ఆనుకుని నిలబడేది. ఆవిడ లిఫ్ట్ ఎక్కితే లోపలున్నవాళ్ళు దిగిపోతున్నారని కీర్తన చెప్పింది.

ఒక సాయంత్రం నేనే అడిగాను.

"అక్కా, మీ వార్డులో నా మంచం ఖాళీగానే ఉందా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"లేదమ్మా. ఎముకల వాళ్ళనంతా ఇంటికి పంపేసినాం. ఇప్పుడంతా జ్వరం కేసులే. కిటికీ పక్కన నీకని చెప్పినానే ఆ బెడ్డు, అందులో ఒక అమ్మ ఉంది. పావం, నీ వయసే. చిన్న బిడ్డ. ఇంటివాళ్ళు ఎవురూ రాకూడదు కదా, ఫోన్‌లో బిడ్డ గొంతు వినిపించమంటాది. నేను ఫోన్ పట్టుకుంటా. మాట్లాడేదానికి ఊపిరి చాలదు, ఊరికే వింటాది."

సహోదరులారా, ఆ మాటకు నా గుండె పగిలింది. అప్పటిదాకా నా మంచాన్ని ఎవరో లాక్కున్నారనే అనుకున్నాను. ఆ ఎవరో ఒక తల్లి! ఆమె పేరు తెలియదు, మొహం తెలియదు, కానీ నా కీర్తన పక్కనే కూర్చుని బొమ్మలేసుకుంటోంది, ఆమె బిడ్డ ఫోన్ తీగకు అవతల ఉంది.

ఆ సాయంత్రం నా నోట మొదటిసారి వేరే ప్రార్థన వచ్చింది. "తండ్రీ, నాకని ఉంచిన మంచం మీద నీ కూతురు పడుకుని ఉంది. ఆమెకు ఊపిరి ఇవ్వు. ఆమె లేచేదాకా నేను ఆగుతాను. ఆమెను కాసే దమయంతి అక్కను నీ చేతుల్లో దాచు."

నొప్పి తగ్గలేదు, అబద్ధం చెప్పను. కానీ ఆ తర్వాత కునుకు పట్టినప్పుడు ఒక కల వచ్చింది. చీరాల దగ్గర వాడరేవు ఒడ్డున తడి ఇసుకలో నడుస్తున్నాను, నా పక్కన ఎవరో నడుస్తున్నారు. నేను కుంటుతుంటే ఆయన అడుగు చిన్నది చేసుకుంటున్నాడు, నేను ఆగితే ఆగుతున్నాడు, తొందరపెట్టడం లేదు, ఏమీ మాట్లాడడం లేదు. అలలు మా పాదాల దాకా వచ్చి వెళ్ళిపోతున్నాయి. ఆయన మొహం నేను చూడలేదు, చూడాలని కూడా అనిపించలేదు, అంత నెమ్మది! మెలకువ వచ్చేసరికి దిండు తడిసి ఉంది, మనసు మాత్రం కడిగిన పలకలా ఉంది.

అప్పటి నుంచి ఆదివారం సహోదరులు ఆరాధన మొదలుపెట్టగానే మా ఇంటికి ఫోన్ చేసి, రిసీవర్ బల్ల మీద పెట్టేవాళ్ళు. సముద్రం అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించే ఆ పాటలకు నేను మంచం మీద నుంచే గొంతు కలిపేదాన్ని. ఎవరి కోసం ప్రార్థించాలమ్మా అని అడిగితే, కిటికీ పక్క మంచం మీదున్న తల్లి కోసం, మా దమయంతి అక్క కోసం అని చెప్పేదాన్ని. నా కాలి సంగతి అడగడం మర్చిపోయేదాన్ని!

ఒక మధ్యాహ్నం అక్క తలుపు తెరుచుకుంది గానీ అక్క గొంతు వినబడలేదు. కిటికీలోంచి చూస్తే ఒళ్ళంతా కప్పుకున్న ఇద్దరు మనుషులు ఆవిడను చక్రాల కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఆవిడకూ జ్వరం! నేను వాకర్ పట్టుకుని తలుపు దాకా వెళ్ళబోయాను, ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"రావద్దమ్మా! అక్కడే ఉండు. నీ సామిని అడుగు, అంతే చాలు."

అడిగాను సహోదరులారా, అడగకుండా ఎలా ఉంటాను! సుధాకర్ గారు ఆఫీసు నుంచి వచ్చి నా మంచం పక్కన నేల మీద మోకరిస్తే, నేను మోకరించలేక పడుకునే చేతులెత్తి, "ప్రభువా, అందరి మంచాల దగ్గరా నిలబడ్డ మనిషి మంచం దగ్గర నువ్వు నిలబడు" అని మొరపెట్టాను. రోజులు గడిచాయి, ఆక్సిజన్ పెట్టారన్నారు, ఇంకేమీ చెప్పలేమన్నారు. అక్క వాకిట్లో కుండీలకు కీర్తన నీళ్ళు పోసేది. మేము అడుగుతూనే ఉన్నాం.

ఆయన విన్నాడు! హల్లెలూయ! అక్క సగమైపోయి, చెంపలు లోపలికి పీక్కుపోయి, కానీ తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ ఆ కారిడార్‌లోకి తిరిగి వచ్చింది. మాస్కు తీసి, నా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. ఆ చువ్వల మీదే ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆ తల్లి గురించి అడిగాను.

"ఇంటికి పోయిందమ్మా," అంది అక్క. "బిడ్డా ఇంటివాళ్ళూ వచ్చి తోడుకొని పోయినారు."

ఊరు మెల్లగా మాస్కులు తీసింది. ఎముకల వార్డు మళ్ళీ ఎముకల వార్డయింది. నాకు ఫోన్ వచ్చింది. ఆలస్యం వల్ల ఎముక మరింత అరిగిందనీ, కాలు కాస్త పొట్టి అయిందనీ, ఆపరేషన్ అనుకున్నదానికన్నా కష్టమనీ డాక్టరు గారు దాచకుండా చెప్పారు. భయపడ్డాను, కానీ ఒంటరిగా భయపడలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు దుప్పటి తీసి నన్ను లేపడానికి వచ్చింది ఎవరనుకున్నారు? డ్యూటీలో చేరిన దమయంతి అక్క!

"లే అమ్మా. బరువు నా మీద వేసేయి. నేను పడనులే."

లేచాను. తల తిరిగింది, చెమటలు పట్టాయి, అక్క భుజం పట్టుకుని ఒక అడుగు వేశాను. గజ్జలో ఎన్నో నెలలుగా కాపురమున్న ఆ పోటు లేదు! కోత నొప్పి ఉంది, ఆ పాత నొప్పి లేదు! వార్డులో అందరూ చూస్తుండగా బిగ్గరగా స్తోత్రం చెప్పాను, అక్క నవ్వుతూ "మెల్లగా అమ్మా, పక్కన పేషెంట్లు ఉండారు" అంది.

ఇప్పటికీ నా కుడి చెప్పు అడుగు కాస్త మందంగా చేయించుకుంటాను, దూరం నడిస్తే కొంచెం కుంటుతాను, అయినా నా ఇంటి మెట్లు నేనే ఎక్కుతున్నాను. ఆయన చేసిన మేలుకు ఏమిచ్చి తీర్చుకోగలను, స్తోత్రం తప్ప!

సహోదరులారా, మీలో ఎవరికైనా తేదీ వాయిదా పడి ఉండొచ్చు. ఆపరేషన్‌దో, ఉద్యోగానిదో, బిడ్డదో. ఫోన్ మోగడం లేదు, ఎవరినడిగినా తెలీదంటున్నారు. మీ నొప్పి రేపే పోతుందని నేను చెప్పను, నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, ఆ గదిలో మీరు ఒక్కరే లేరు. ఆయనను నమ్మండి, కోపం వస్తే ఆయనతోనే పోట్లాడండి, ఆయన లేచి వెళ్ళిపోడు. ఇవాళ సాయంత్రం మీ కోసం అడగడానికి ముందు, మీకు పేరైనా తెలియని ఇంకొకరి కోసం ఒక్క మాట అడిగి చూడండి. ఆమేన్.