పప్పు దించేముందు బాబాయిని పిలవాలి

మా బసవపున్నయ్య బాబాయికి లోకంలో ఉన్నది ఒక్కటే ప్రశ్న: "ఏం పప్పు?" పెళ్లిపత్రిక చేతిలో పెడితే వధూవరుల పేర్లు చదవడు, ముహూర్తం చూడడు. పత్రిక మడిచి జేబులో పెట్టుకుని, "ఏం పప్పు చేయిస్తున్నారు?" అంటాడు. తిరువూరులో ఆయన్ని పిలవడానికి వెళ్లేవాళ్లు జవాబు సిద్ధం చేసుకునే వెళ్తారు.

ఆయన దగ్గర ప్రతి సందర్భానికీ ఒక పప్పు ఉంది. జ్వరపడి లేచినవాడికి పెసరకట్టు. కొత్తల్లుడికి ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. అలిగిన మనిషికి చుక్కకూర పప్పు. "ఆ పులుపు నాలిక్కి తగిలాక మూతి బిగించుకుని కూర్చోవడం ఎవరి తరమూ కాదబ్బాయ్!" అంటాడు. రెడ్డిగూడెం తోటల్లో పుల్లమామిడి దిగిందంటే, సీజన్ అయ్యేదాకా ఆ ఇంట్లో ఇంకో పప్పు ఉడకదు. మా సరోజినీదేవి పిన్ని ఒకసారి ధైర్యం చేసి పనీర్ కూర వండింది. బాబాయి శ్రద్ధగా తిని, చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నాడు.

"బాగుంది. పప్పేదీ?"

ఈ పిచ్చి ఆయనకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నదే. రెండేళ్లుగా మాత్రం బాగా ముదిరింది. విందు ఎక్కడ జరిగినా వడ్డనకు ముందే వంటశాలలోకి చొరబడుతున్నాడు. మా వైపు పెద్ద వంటలన్నీ శాంతయ్యే చేస్తాడు. బాబాయి వెళ్లి అతని మీద విరుచుకుపడతాడు.

"శాంతయ్యా! ఉప్పేమన్నా దాచుకుంటున్నావా? ఇంకో గుప్పెడు పడాలి!"

పప్పుతో ఆగడు. పప్పుకి జోడు కుదరాలంటూ వేపుడు, పులుసు, పచ్చడి, చివరికి పరమాన్నం కూడా రుచి చూస్తాడు.

"పప్పులో పరమాన్నం ఎవరు నంజుకుంటారు బాబాయ్?"

"నేను నంజుకుంటా. నీకేంటి?"

గంపలగూడెంలో ఒక గృహప్రవేశానికి వెళ్తే, ఈయన సంగతి తెలిసి వంటశాల తలుపు గడియ పెట్టుకున్నారు. పెద్దమనిషి, డెబ్బై ఏళ్లవాడు, పక్కింటి గోడ దూకాడు.

అందుకే మా చెల్లెలు శ్రీవల్లి పెళ్లికి నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. మగపెళ్లివారి ముందు ఈ భాగోతం జరగడానికి వీల్లేదు. వాళ్లకు మర్యాదలు చూసే పని బాబాయికి అప్పగించి, మండపంలో ముందు వరుసలో కూర్చోబెట్టాను. వంటశాల గుమ్మంలో నేనే కుర్చీ వేసుకున్నాను.

వడ్డన వేళయింది. శాంతయ్య మామిడికాయ పప్పు గుండిగ పక్కన నిలబడి గుమ్మం వైపే చూస్తున్నాడు.

"దించెయ్ శాంతయ్యా, బంతి కూర్చుంటోంది."

"మీ బాబాయి గారు రాలేదేంటండీ?"

"రారు. నేనే ఆపాను. ఇవాళన్నా హాయిగా పని చేసుకో."

అతని ముఖంలో హాయి కనపడలేదు. చెమట తుడుచుకుని, కాస్త పప్పు అరచేతిలో వేసుకుని రుచి చూసి, "బాగానే ఉందండి" అన్నాడు. నేనూ కొంచెం నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు తక్కువ కాదు, అసలు వెయ్యనే లేదు.

"శాంతయ్యా, ఉప్పు..." అన్నాను. అతను తల వంచుకున్నాడు.

అంతలో వెనక కిటికీలోంచి ఒక కాలు లోపలికొచ్చింది. తర్వాత పట్టుపంచె. తర్వాత బాబాయి.

"ఏం పప్పు?" అన్నాడు ఆయాసపడుతూనే. గరిటె లాక్కుని రుచి చూసి, హాలంతా వినపడేలా అరిచాడు. "ఉప్పేదయ్యా? మనుషులకా, పథ్యానికా ఈ వంట?" ఉప్పు పడింది, కలిసింది, కుదిరింది. వేపుడు, పులుసు వరసగా చూసేసి, నన్ను మూలకి లాగాడు.

"రెండేళ్ల కిందట జ్వరమొచ్చి వాడి నాలిక పోయిందిరా. ఉప్పూ తెలీదు, పులుపూ తెలీదు. ఉప్పు వేశాడో లేదో అనుమానమొస్తే చూసుకునే దారి లేదు. చెయ్యి మాత్రం పాత చెయ్యే. ఈ సంగతి బయటపడితే రేపట్నుంచి వాణ్ని ఎవడు పిలుస్తాడు?"

"అది చెవిలో చెప్పొచ్చుగా బాబాయ్? ఆ అరుపులేంటి?"

"చెవిలో చెప్తే జనం ఏంటా అని ఆరా తీస్తారు. అరిస్తే నాకు పిచ్చి అనుకుంటారు. ఎలాగూ అనుకుంటున్నదేగా!"

ఆయన మీద నాకు పట్టరానంత ప్రేమ కలిగింది. దండం పెట్టబోయాను.

"జరుగు, పరమాన్నం చూడాలి" అన్నాడు.

ఆ పూట మగపెళ్లివారు పప్పు అడిగి మరీ మారు వేయించుకున్నారు.

పోయిన నెల వినగడపలో ఒక నిశ్చితార్థం. వంట శాంతయ్యదే. పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు. జలుబుతో గొంతు గుర్తుపట్టేలా లేదు.

"ముక్కులు మూసుకుపోయాయిరా. ఇవాళ నాదీ వాడి నాలికే. నువ్వెళ్లు. మొహమాటపడకు, గట్టిగా అరవాలి!"

వెళ్లాను. తిన్నగా వంటశాల వైపు నడుస్తుంటే పెళ్లికూతురి తండ్రి పక్కాయనతో అంటున్నాడు. "బసవపున్నయ్య గారి అన్నగారబ్బాయి. పాపం, చదువుకున్నవాడే. వంశంలో ఉన్నట్టుంది."

నేను విననట్టే లోపలికి వెళ్లి, గుండె నిండా గాలి పీల్చుకున్నాను.

"శాంతయ్యా! ఏం పప్పు?"