ఓవర్‌లోడ్ అని రాసింది నేనే

ఎనభైల మొదట్లో నేను జనగామలో ఒక దినపత్రికకు విలేకరిని. పాలకుర్తి బస్సులో జనాన్ని కుక్కి తీసుకొస్తున్నారని ‘ఓవర్‌లోడ్’ అన్న మాట శీర్షికలో పెట్టి వార్త రాశాను. కండక్టర్‌కు మెమో ఇచ్చారు. మంచి పనే చేశాననుకున్నాను.

వారం తర్వాత అదే బస్సులో పాలకుర్తి నుంచి జనగామకు వస్తున్నాను. సీట్లన్నీ నిండి, నిలబడ్డవాళ్లూ ఉన్నారు. దారిలో తండా దగ్గర ఒక ముసలమ్మ నొప్పులు పడుతున్న కోడలిని పట్టుకుని చెయ్యెత్తింది. కండక్టర్ తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఓవర్‌లోడ్ అవ్వా, ఎక్కించుకోను.”

“గదేందయ్యా?”

“లెక్కకు మించి ఎక్కిస్తే నా నౌకరి పోతది. గా కిటికి కాడి సారే పేపర్ల రాసిండు. ఆయన్నే అడుగు.”

బస్సంతా నా వైపు తిరిగింది. ముసలమ్మ కిటికీ కిందికొచ్చింది.

“సారూ, నేను ఎక్కకున్నా మంచిదే. మా పిల్లనొక్కదాన్ని దవాఖానకు తీస్కపోండ్రి.”

సంచీ తీసుకుని దిగిపోయాను. నా వెనకే పక్క సీట్లోని రైతు దిగాడు.

“నేను గూడ నడుస్త. రాసెటోల్లకు తోడుండాలె గద!”

బస్సు గొల్లుమంది. అత్తాకోడళ్లు మా సీట్లలో కూర్చున్నారు.

మూడోరోజు బస్టాండులో కండక్టర్ కేకేశాడు. “సార్, ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరు!”

ఆ దారికి రోజుకు రెండే బస్సులని నా వార్తలో ఎక్కడా రాయలేదు. ఆ సాయంత్రం కూర్చుని అది రాశాను.